వరుసలో అక్క వెనకాల

మా అక్క కొడుకు ఆమెతో మాట్లాడి అప్పటికి ఆరేళ్ళు. ఫోన్ మోగుతుంది, ఎత్తడు. మెసేజ్ వెళ్తుంది, జవాబు రాదు. 2019 డిసెంబరులో ఒక యాత్రా బృందంతో కలిసి ఇద్దరం పవిత్రభూమికి బయలుదేరినప్పుడు అక్క మనసులో ఉన్నది ఆ ఒక్క విన్నపమే. బెత్లెహేములో యేసు పుట్టిన చోట ఉన్న నక్షత్రం మీద చెయ్యి పెట్టి అడిగేస్తే పనైపోతుందని నా నమ్మకం. ఆగమన కాలంలో, అంటే క్రిస్మస్‌కు ముందు ఎదురుచూపు వారాల్లో, వెళ్ళడం కూడా తేదీలు కుదిరి జరిగిందే తప్ప మా భక్తి గొప్పతనమేమీ కాదు.

నజరేతులో ఉన్నది ఒక్క పూట. మరియమ్మకు గాబ్రియేలు దూత కనిపించిన గుహలో పీఠం మీద ‘వాక్కు ఇక్కడ మానవుడయ్యెను’ అని లాటిన్‌లో చెక్కి ఉంది. ఆ ‘ఇక్కడ’ అన్న మాట దగ్గర కాసేపు ఆగాను. అంతలో బస్సు హారన్ కొట్టింది.

అయిన్ కారెం చేరేసరికి ఆదివారం, డిసెంబరు 15, సన్నగా వాన. యెరూషలేముకు పడమట కొండల మధ్య చిన్న ఊరు అది. బప్తిస్మ యోహాను పుట్టింది అక్కడే అని సంప్రదాయం. ఆగమన కాలంలో మూడో ఆదివారం కాబట్టి ఫాదర్‌గారు ఊదా రంగు పక్కనబెట్టి గులాబీ రంగు పూజావస్త్రాలు వేసుకున్నారు. రెండో పఠనం యాకోబు లేఖ నుంచి: పంట కోసం, తొలి వాన, కడవరి వానల కోసం రైతు ఓపిక పట్టినట్టు మీరూ ఓపిక పట్టండి. ఆ దేశంలో ఎండాకాలం పొడవునా చినుకు ఉండదు. శరదృతువు చివర మొదటి వాన పడితేనే దుక్కి, వసంతంలో చివరి వాన పడితేనే గింజ. మధ్యలో రైతు తొందరపడి చెయ్యగలిగింది ఏమీ లేదు. బయట వాన కురుస్తుండగా ఆ మాటలు వినడం వల్ల కాబోలు, ఎప్పుడూ విన్నవే అయినా కొత్తగా అనిపించాయి.

ఆ రోజు సువిశేషం మాత్రం నన్ను గుచ్చింది. చెరసాలలో ఉన్న యోహాను తన శిష్యులను పంపి యేసును అడిగిస్తాడు: రావలసినవాడివి నువ్వేనా, లేక మరొకరి కోసం ఎదురుచూడాలా? తల్లి కడుపులోనే గంతులేసిన బిడ్డ, యొర్దానులో ఆయన్ను కళ్ళారా చూసినవాడు అడిగిన మాట అది. ఎదురుచూపు అంత పెద్ద ప్రవక్తనే అలిసిపోయేలా చేసిందంటే మనమెంత? ఫాదర్‌గారు ప్రసంగంలో ఈ అనుమానాన్ని తేలిగ్గా దాటేశారు. నాకు అది నచ్చలేదు.

పూజ అయ్యాక మెట్లెక్కి మరియమ్మ, యోహాను తల్లి ఎలిజబెతమ్మ కలుసుకున్న చోట కట్టిన దేవాలయానికి వెళ్ళాం. ఆవరణ గోడ నిండా మరియమ్మ పాడిన స్తుతిగీతం ఎన్నో భాషల్లో పలకల మీద రాసి ఉంది. అందరూ తమ భాష కోసం వెతుక్కుంటున్నారు. అక్క మాత్రం తడిసిన మెట్టు మీదే కూర్చుండిపోయింది.

“యోహాను తండ్రి జెకర్యాకి మాట పడిపోయింది కదా. బిడ్డ పుట్టిన ఎనిమిదో రోజుకి గానీ రాలేదు. అన్ని నెలలూ ఎలిజబెతమ్మ ఆ ఇంట్లో ఎవరితో మాట్లాడి ఉంటుందే?” అంది.

నాకు నవ్వొచ్చింది. అక్క నవ్వలేదు.

“ఆయన మౌనం గురించి అందరూ చెప్తారు, పక్కన బతికినామె గురించి ఎవరూ చెప్పరు” అంది మళ్ళీ.

మర్నాడు బెత్లెహేము. నడుం వంచకుండా లోపలికి పోనివ్వని ఆ చిన్న గుమ్మం దాటగానే వరుస, స్తంభాల మధ్య మెలికలు తిరుగుతూ. గంట గడిచింది. నక్షత్రం ఉన్న గుహ దగ్గరయ్యేసరికి వరుస ఆపేశారు. గ్రీకు ఆర్థడాక్సులు, అర్మేనియన్లు, కతోలిక ఫ్రాన్సిస్కన్లు ముగ్గురూ పంచుకునే చోటు అది. 1852 నాటి ఒట్టోమన్ ఉత్తర్వు ఖాయం చేసిన ఏర్పాటు ప్రకారం ఎవరి వేళ వారిదే. లోపల ప్రార్థన సాగినంతసేపూ బయటివాళ్ళు నిలబడాల్సిందే. వాచీ చూసుకుంటూ నేను గొణుగుతున్నాను. వెనక ఒక బృందం అప్పుడే ‘గ్లోరియా’ ఎత్తుకుంది. బెత్లెహేములో యాత్రికులు ఏ రోజైనా క్రీస్తు జయంతి పూజ చేసుకోవచ్చు, నిజమే. కానీ ఆగమన కాలపు ఆదివారాల్లో మనం దాచిపెట్టుకునే పాట అది. నాకు మాత్రం పండగ ముందే తెచ్చేసుకున్నట్టు అనిపించింది. నక్షత్రం ముట్టుకుంటే పనైపోతుందనుకున్న నాకు ఆ మాట అనే హక్కుందా అంటే, లేదు.

చివరికి దిగాం. పద్నాలుగు కోణాల వెండి నక్షత్రం, చుట్టూ వేలాడే దీపాలు. మోకరించి, ముద్దుపెట్టి, లేచేలోపు వెనకనుంచి చెయ్యి పడింది. అడగాలనుకున్నది నాకు గుర్తే రాలేదు.

పక్కనే కతోలికుల పునీత కేథరిన్ దేవాలయంలో పసి యేసును పడుకోబెట్టిన పశువులతొట్టిదని చెప్పే చిన్న కొయ్యముక్కను ఉంచారు. ఏడో శతాబ్దంలో రోముకు వెళ్ళిన తొట్టి కొయ్యలోదట. రెండు వారాల కిందటే, ఆగమన కాలం మొదలయ్యే ముందురోజు, పోప్ ఫ్రాన్సిస్ తిరిగి పంపారు. బొటనవేలంత కూడా లేదేమో. అక్క దాని ముందు చాలాసేపు నిలబడింది.

“ఏం అడిగావు?”

“ఏమీ అడగలేదు. ఎంతకాలానికి ఇల్లు చేరిందో చూస్తున్నా.”

బస్సెక్కాక అక్క ఫోన్ తీసింది. నక్షత్రం ఫోటో తియ్యలేకపోయింది. వరుసలో నిలబడ్డ జనం వీపులది ఒకటుంది, అదే కొడుక్కి పంపింది. కింద ఏమీ రాయలేదు. టిక్కులు రెండు పడ్డాయి, బూడిదరంగులో. ఫోన్ బ్యాగులో పెట్టేసింది.

ముందు సీట్లోంచి ఫాదర్‌గారు చెబుతున్నారు: రేపటి నుంచి సాయంకాల ప్రార్థనలో మరియమ్మ గీతానికి ముందు ‘ఓ’ అని మొదలయ్యే పల్లవులు వస్తాయి, ఓ జ్ఞానమా, ఓ దావీదు తాళపుచెవీ అని పిలిచి, ప్రతి ఒక్కటీ ‘రండి’ అని వేడుకుంటుంది.

“ఎన్ని రోజులు ఫాదర్?” అక్క అడిగింది.

“ఇరవై మూడు దాకా, ఏడు రోజులమ్మా.”

అక్క వేళ్ళ మీద లెక్క పెట్టుకుంది. పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది...