లేచి నిలబడితే పరుగెత్తే గుండె

పోయిన జూలైలో స్కూల్లో ఉదయం ప్రార్థన జరుగుతుండగా, పిల్లలు ప్రతిజ్ఞ చెబుతున్న సమయంలో వాళ్ల ముందే పడిపోయాను. అంతకుముందు రెండుసార్లు అయింది. ఒకసారి రేషన్ షాపు క్యూలో, ఇంకోసారి వేడినీళ్ల స్నానం చేసి బయటికొస్తూ. ముందు చెవుల్లో హోరు, తర్వాత కళ్ల ముందు చీకటి, గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటున్నట్టు. రక్తం తక్కువని, సరిగ్గా తినదని, టెన్షన్ అని తలో మాటా అన్నారు. హిమోగ్లోబిన్ చూస్తే 12.4, సరిపడానే ఉంది. ఈసీజీ, ఎకో రెండూ నార్మల్.

దడ తగ్గడానికని ఒక క్లినిక్‌లో బీటా బ్లాకర్ రాశారు. దడ తగ్గింది గానీ బీపీ 90/60కి దిగిపోయింది. మేడ మీదికి ఎక్కితే కాళ్లు తేలిపోయేవి. మూడు వారాలు అలాగే నెట్టుకొచ్చాను.

తర్వాత చూపించుకున్న కార్డియాలజిస్టు నన్ను కాసేపు పడుకోబెట్టి, ఆ తర్వాత పది నిమిషాలు నిలబెట్టారు. పరీక్షంటే అంతే. పడుకున్నప్పుడు నాడి 76. నిలబడిన ఆరో నిమిషానికి 122. బీపీ మాత్రం దాదాపు కదల్లేదు. పెద్దవాళ్లలో నిలబడిన పది నిమిషాల్లో, బీపీ పడిపోకుండానే నాడి నిమిషానికి 30 లేదా అంతకంటే ఎక్కువ పెరుగుతూ, ఈ బాధ నెలల తరబడి ఉంటే దాన్ని పాట్స్ అంటారట. లేచి నిలబడగానే అందరికీ అర లీటరు పైనే రక్తం పొట్టలోకి, కాళ్లలోకి దిగుతుంది. రక్తనాళాలు బిగుసుకుని దాన్ని పైకి పంపాలి. నాలో ఆ బిగింపు చాలక గుండె పరుగందుకుంటోంది.

ఆయన రాసింది ఐవాబ్రాడిన్. 5 మిల్లీగ్రాముల బిళ్లలో సగం, పొద్దున, రాత్రి, అన్నంతో పాటు. అసలు ఇది గుండె వైఫల్యానికి వాడే మందు. గుండె కొట్టుకునే లయను నడిపే సైనస్ నోడ్‌లో, రెండు దెబ్బల మధ్య నెమ్మదిగా ఊరే ఒక విద్యుత్తు ఉంటుంది. దాని నడత వింతగా ఉందని పరిశోధకులు దానికి ‘ఫన్నీ కరెంట్’ అని పేరు పెట్టారు. ఈ మందు దాన్నే తగ్గిస్తుంది. బీపీని పెద్దగా దించదు. నాకు కావలసింది సరిగ్గా అదే. పాట్స్ మీద 2021లో అమెరికాలో వచ్చిన అధ్యయనంలో ఉన్నది 22 మందే, అయినా వాళ్లకి నాడి తగ్గింది, ఊరట దొరికింది.

రెండో వారంలో ఒక రాత్రి చీకట్లో ఫ్రిజ్ తలుపు తీశాను. లోపలి బల్బు చుట్టూ వెలుగు ముక్కలు ముక్కలై మెరిసి, క్షణంలో పోయింది. డాక్టరుగారు ముందే చెప్పారు కాబట్టి భయపడలేదు. అలాంటి కరెంటే కంటి రెటీనాలోనూ ఉంటుందట.

భయపడింది మాత్రం అక్టోబరులో, గొంతునొప్పికి మందుల షాపులో అడిగితే క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చినప్పుడు. నా స్ట్రిప్పు చూపించాను. షాపులో అబ్బాయి ఫోన్‌లో చూసి, “వద్దు మేడమ్, రెండూ కలిపితే నాడి మరీ పడిపోతుంది” అని వెనక్కి తీసుకున్నాడు. అప్పటినుంచి ఖాళీ స్ట్రిప్పు ఒకటి పర్సులోనే పెట్టుకుంటున్నాను.

మందు ఒక్కటే కాదు, డాక్టరు చెప్పినట్టు నీళ్లు, ఉప్పు పెంచాను. అమ్మ మజ్జిగలో ఉప్పు వేసిన ప్రతిసారీ “ఇంత ఉప్పేంటే తల్లీ” అంటూనే కలుపుతుంది. సోమవారం ప్రతిజ్ఞ అయ్యాక నాడి చూసుకుంటే 94.

ఇంకొకటి ఉంది. ఈ మందు వాడుతుండగా గర్భం రాకూడదు, కడుపులో బిడ్డకు ప్రమాదం. మాకు ఒక్కడే కొడుకు, రెండో బిడ్డ కావాలని ఇద్దరికీ ఉంది. డాక్టరుగారిని అడగాల్సినవన్నీ నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకున్నాను. వచ్చే గురువారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.