కార్తీకం పెళ్ళిళ్ళ ముందు ల్యాప్‌టాప్: కొనాలా, ఆగాలా?

2024 సెప్టెంబర్ చివర్లో ఒక రాత్రి ఎడిటింగ్ చేస్తుంటే టచ్‌ప్యాడ్ నొక్కుడు పడటం మానేసింది. దుమ్ము పట్టిందనుకున్నాను. పొద్దున్న వెలుతురులో పక్కనుంచి చూస్తే ఒక అంచు పైకి లేచి ఉంది, మూత కూడా పూర్తిగా మూసుకోవడం లేదు. రిపేరు కుర్రాడు వెనక ప్లేటు విప్పి చూపించాడు. పల్చటి అట్టముక్కలా ఉండాల్సిన బ్యాటరీ నూనెలో వేసిన అప్పడంలా పొంగి ఉంది. "దీన్ని నొక్కకూడదండి, గుచ్చుకుంటే అంటుకుంటుంది" అంటూ మెల్లగా ఊడదీశాడు. ఆ మోడల్‌కి ఒరిజినల్ బ్యాటరీ దొరకడం లేదన్నాడు. ఆ రోజు నుంచి ఛార్జర్ మీదే పని. కరెంటు పోతే అంతవరకూ చేసింది పోతుందని చిన్న యూపీఎస్ కూడా పెట్టుకున్నాను.

నేను రాజమండ్రిలో పెళ్ళి వీడియోలు తీస్తాను, ఎడిటింగ్ కూడా నాదే. ఆ ల్యాప్‌టాప్ 2018లో కొన్నది: ఇంటెల్ 8వ తరం ఐ7, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డు. ఆరేళ్ళు అన్నం పెట్టింది. బ్యాటరీ ఒక్కటే అయితే ఎలాగోలా నెట్టుకొచ్చేవాణ్ణి. అసలు ఇబ్బంది కొత్త కెమెరాతో మొదలైంది. అది 4కేలో 10 బిట్, 4:2:2 ఫుటేజ్ ఇస్తుంది. మండపంలో పచ్చ లైట్లు, పసుపు బట్టలు, ముఖాన పసుపు కుంకాలు, అన్నీ కలిసి పెళ్ళికూతురి ఒంటిరంగు దెబ్బతింటుంది. దాన్ని సరిచేయాలంటే ఫుటేజ్‌లో రంగుల సమాచారం ఎక్కువ ఉండాలి, అందుకే ఆ కెమెరా. కానీ ఆ ఫుటేజ్ టైమ్‌లైన్ మీద వేస్తే పాత ల్యాప్‌టాప్ కదిలేది కాదు. తలంబ్రాలు పోసుకునే షాట్‌లో గింజలు గాల్లోనే ఆగిపోయేవి, నాలుగు సెకన్ల తర్వాత ఒక్కసారి కింద ఉండేవి. ఏ నవ్వు దగ్గర కట్ చేయాలో తెలిసేది కాదు. రాత్రంతా ప్రాక్సీలు, అంటే ఎడిటింగ్‌కి వాడుకునే తేలికపాటి నకళ్ళు, తయారవడానికి వదిలేసి పడుకునేవాణ్ణి.

దసరా ఆఫర్లు మొదలయ్యాయి. కార్తీకంలో ఏడు పెళ్ళిళ్ళకి అడ్వాన్స్ తీసుకుని ఉన్నాను, మొదటిది నవంబర్ 13న. నా ముందు మూడు దారులున్నాయి.

అన్నిటికన్నా చవగ్గా కనబడింది ఏఎమ్‌డీ రైజెన్ ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు ఉన్న గేమింగ్ ల్యాప్‌టాప్. కాగితం మీద చూస్తే దానికి తిరుగులేదు. కొనేయబోయి, ఆ రాత్రి కూర్చుని నా ఫుటేజ్ సంగతి చదివాను. కుదించి ఉన్న 4:2:2 వీడియోని హార్డ్‌వేర్‌లోనే, అంటే చిప్పే నేరుగా విప్పే ఏర్పాటు ఆర్‌టీఎక్స్ 40 సిరీస్‌లో లేదు, ఆ రైజెన్లలోనూ లేదు. అంత డబ్బు పోసినా తలంబ్రాలు మళ్ళీ గాల్లోనే ఆగేవి! ఇంటెల్ 11వ తరం నుంచి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ హెచ్.265 పద్ధతిలో కుదించిన 4:2:2ని విప్పుతుంది, యాపిల్ ఎమ్ చిప్‌లు కూడా విప్పుతాయి. వీడియో పని చేసేవాళ్ళు ల్యాప్‌టాప్ కొనేముందు గ్రాఫిక్స్ కార్డు నంబర్ కన్నా ముందు అడగాల్సింది ఇదే. నాకు ఏ షాపులోనూ ఎవరూ చెప్పలేదు.

ఇంటెల్ గేమింగ్ ల్యాప్‌టాప్ అయితే పని నడుస్తుంది. కానీ ఛార్జర్ తీసేస్తే వాటి వేగం బాగా పడిపోతుంది. నాకు సేమ్ డే ఎడిట్లు ఎక్కువ. పొద్దున్న ముహూర్తం, రాత్రి రిసెప్షన్‌లో తెర మీద వీడియో. ఫంక్షన్ హాల్లో డెకరేషన్ వాళ్ళు, డీజే వాళ్ళు ప్లగ్గులన్నీ పట్టేశాక ఒక మూల కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకుని చేయాలి. కాబట్టి ఛార్జర్ లేకపోయినా వేగం పడిపోని యాపిల్ మ్యాక్‌బుక్ ప్రో వైపే మొగ్గాను.

అక్కడే ముడి పడింది. అప్పుడు షాపుల్లో ఉన్నది ఎం3 చిప్‌తో వచ్చిన 14 అంగుళాల మోడల్. లాంచ్ ధర 1,69,900 రూపాయలు, ర్యామ్ మాత్రం 8 జీబీ. పండగ తగ్గింపు బాగానే ఉంది. "మ్యాక్‌లో 8 అంటే బయట 16తో సమానం సార్, కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నాడు షాపతను. నాకు నమ్మబుద్ధి కాలేదు. ర్యామ్ బోర్డు మీదే ఉంటుంది, తర్వాత పెంచుకునే వీల్లేదు. ఆరేళ్ళు వాడదామని కొనే వస్తువులో నా పాత ల్యాప్‌టాప్ ర్యామ్‌లో సగమేనా?

కొత్త మోడల్ వచ్చేదాకా ఆగితే మేలేమో అనిపించింది. మా ఆవిడ ప్రశ్న వేరు. "ఏమండీ, ఏడు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాం. కొత్తది వస్తుందో రాదో తెలీదు. రాకపోతే ఏం చేస్తారు?" ఆమె అడిగింది న్యాయమైన మాట. అందుకే గాలిలో ఆలోచించకుండా కాగితం మీద రాసుకున్నాను. ఎం4 చిప్ కొత్త మాట కాదు, 2024 మే నెలలోనే ఐప్యాడ్ ప్రోలో వచ్చేసింది. ఎం3 మ్యాక్‌బుక్ ప్రో వచ్చింది అంతకుముందు ఏడాది అక్టోబర్ చివర్లో. చిప్ ఉంది, కాలం దగ్గరపడింది. మరోపక్క ఆగితే నాకు పోయేదేమిటి? అక్టోబర్‌లో నాకున్నది ఒక్క పెళ్ళి. దాన్ని ప్రాక్సీలతో లాగించగలను. నవంబర్ 5 దాకా ఆగుదాం, అప్పటికి ఏ కబురూ లేకపోతే ఉన్నవాటిలో ఎక్కువ ర్యామ్ ఉన్నది కొనేద్దాం అని ఇద్దరం తేదీ రాసుకున్నాం. ఆ తేదీ లేకపోతే నేను తప్పకుండా వాయిదా వేసుకుంటూ పోయేవాణ్ణి. ఆర్‌టీఎక్స్ 50 కార్డుల కోసం కూడా ఆగమని ఒక స్నేహితుడు అన్నాడు. అప్పటికి వాటి గురించి ప్రకటనే లేదు కాబట్టి ఆ మాట పక్కన పెట్టాను. నిజంగానే వాటిని 2025 జనవరిలో ప్రకటించారు, 4:2:2 సంగతీ అందులో తీర్చారు. కానీ ఆ ల్యాప్‌టాప్‌లు చేతికొచ్చే వేళకి నాకు కార్తీకం, మాఘం రెండు సీజన్లూ దాటిపోయేవి.

దసరా ఆఫర్ల ఆఖరి రోజు నాకు నిద్ర పట్టలేదు. తగ్గింపు పోతోందన్న టెన్షన్ మామూలుది కాదు. రెండుసార్లు కార్డు నంబర్ కొట్టి ఆపేశాను.

అక్టోబర్ 24న యాపిల్ మార్కెటింగ్ అధిపతి గ్రెగ్ జోస్వియాక్ వచ్చే వారమంతా మ్యాక్ కబుర్లే అని చెప్పాడు. 28న ఐమ్యాక్, 29న మ్యాక్ మినీ వచ్చాయి. 30వ తేదీ రాత్రి, తెల్లారితే దీపావళి అనగా, మ్యాక్‌బుక్ ప్రో ప్రకటన వచ్చింది. ఎం4, మొదలే 16 జీబీ ర్యామ్, 512 జీబీ స్టోరేజ్, ధర మళ్ళీ అదే 1,69,900. అదే రోజు ఎం2, ఎం3 మ్యాక్‌బుక్ ఎయిర్‌లకి కూడా ధర పెంచకుండా కనీస ర్యామ్ 16 జీబీ చేశారు. దసరాకి 8 జీబీ ఎయిర్ కొనుక్కున్న మా వీధి కుర్రాడు మర్నాడు కనబడితే ఏమనాలో తెలియలేదు. వాడిది కాలేజీ చదువు, దానికి 8 జీబీ సరిపోతుందని చెప్పాను. అది నిజమే కూడా.

నవంబర్ 8న అమ్మకాలు మొదలయ్యాయి. మా ఊళ్ళో స్టాక్ రాలేదు. విజయవాడలో ఒక షాపుకి ఫోన్ చేసి ఒకటి పక్కన పెట్టమని, 9న పొద్దున్నే రైలెక్కాను. బిల్లు మీద నా జీఎస్టీ నంబర్ వేయించుకున్నాను. 18 శాతం అంటే దాదాపు 25,900 రూపాయలు ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే నేను కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా తిరిగొచ్చింది. దసరా తగ్గింపు పోయిందన్న బాధ అక్కడికి తీరింది. జీఎస్టీ నంబర్ ఉండి కూడా అది వేయించకుండా మామూలుగా సొంత పేరు మీద బిల్లు చేయించుకునే స్టూడియోవాళ్ళు మా ఊళ్ళో చాలామంది ఉన్నారు, వాళ్ళకి గట్టిగా చెప్తుంటాను.

512 జీబీ మాత్రం నా పనికి చాలదని ముందే తెలుసు. మా కెమెరా సెకనుకు 200 మెగాబిట్ల మోడ్‌లో తీస్తే గంటకి 90 జీబీ అవుతుంది. రెండు కెమెరాలు, నాలుగు గంటల తతంగం, లెక్క మీరే వేసుకోండి. లోపలి స్టోరేజ్ పెంచుకునే ధరకి కాకుండా బయట 2 టీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి కొన్నాను.

నేను ముందుగా ఆలోచించని చిక్కు తెలుగు టైటిల్స్‌తో వచ్చింది. ఇన్నేళ్ళూ పెళ్ళి పేర్లన్నీ విండోస్‌లో అను ఫాంట్లతోనే కొట్టాను. నా దగ్గరున్నవి విండోస్‌వే, మ్యాక్‌లో పనికిరాలేదు. యూనికోడ్‌లోకి మారి రామభద్ర, మండలి ఫాంట్లు ఎక్కించుకుని "శ్రీరస్తు శుభమస్తు" అని కొడితే ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వత్తులు విడిపోయి పక్కకొచ్చి నిలబడ్డాయి. శుభమా అని వేసే మొదటి అక్షరాలే విరిగి కనబడితే ప్రాణం చివుక్కుమంది. సెట్టింగుల్లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజన్‌ని దక్షిణాసియా భాషలకి మార్చి కొత్త టైటిల్ చేశాక వత్తు అక్షరం కిందకి చేరింది. దీనికి ఒక పూట పట్టింది. పెళ్ళికి నాలుగు రోజుల ముందు కొన్నాను కాబట్టి ఆ పూట దొరికింది.

13న పెళ్ళిలో ముహూర్తం అయ్యాక భోజనాల హాలు పక్కన కూర్చున్నాను, ఛార్జర్ బ్యాగులోనే ఉంది. తలంబ్రాల షాట్ వేసి వేలితో అటూ ఇటూ జరిపాను. గింజ గింజా కదిలింది. పెళ్ళికొడుకు పోసినప్పుడు ఆ అమ్మాయి కళ్ళు మూసుకుని నవ్విన క్షణం దగ్గర కట్ పెట్టాను. రాత్రి తెర మీద ఆ షాట్ వచ్చినప్పుడు వాళ్ళ నాన్నగారు కళ్ళు తుడుచుకున్నారు.

2025 డిసెంబర్‌లో కాకినాడ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. వాడూ ఇదే పని. "బావా, ఫిబ్రవరి దాకా మౌఢ్యం, ముహూర్తాలు లేవు. ఇప్పుడే కొనాలా, సంక్రాంతి ఆఫర్ల దాకా ఆగనా?" అన్నాడు. పని లేని నెలలు కాబట్టి ఆగు అనే చెప్పేవాణ్ణి. కానీ ఏఐ డేటా సెంటర్లు మెమొరీ అంతా లాగేసుకుని ర్యామ్ ధరలు పెరుగుతున్న రోజులవి. మెమొరీ తయారుచేసే మైక్రాన్ కంపెనీ అయితే జనానికి అమ్మే క్రూషియల్ బ్రాండ్‌నే ఆపేస్తున్నామని ఆ నెలలోనే ప్రకటించింది. ఎం5 మ్యాక్‌బుక్ ప్రో అక్టోబర్‌లోనే వచ్చేసింది, అది కూడా 1,69,900కే. ఆగినందువల్ల కలిసొచ్చేది నాకు ఏమీ కనబడలేదు. "ఈసారి ఆగకు, ర్యామ్ మాత్రం ఒక మెట్టు ఎక్కువ తీసుకో" అన్నాను. ఆ వారంలోనే 24 జీబీది కొని తెచ్చాడు. ఆదివారం మా ఇంటికొస్తే తెలుగు ఫాంట్లు, టెక్స్ట్ ఇంజన్ నేనే సరిచేసి ఇచ్చాను.