అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకు

కనజావా స్టేషన్‌లో దిగేసరికి వాన. అక్టోబరు మొదటి వారం. హైదరాబాద్ నుంచి రెండు విమానాలు మారి, టోక్యోలో షింకాన్‌సెన్ ఎక్కి, రెండున్నర గంటల్లో దేశానికి అవతలి ఒడ్డుకు, జపాన్ సముద్రం వైపుకు వచ్చి పడ్డాను. 2015 దాకా ఈ రైలు ఇక్కడికి లేదట. స్టేషన్ బయటికి రాగానే తల మీద పెద్ద గాజు కప్పు, దాని చివర మెలితిరిగిన రెండు లావుపాటి కొయ్య స్తంభాల ద్వారం. ఢమరుకంలా ఉండే త్సుజుమి అనే వాద్యాన్ని చూసి కట్టారు దాన్ని. అందరూ ద్వారాన్ని ఫొటో తీసుకుంటున్నారు. నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన ఒకాసాన్ మాత్రం వేలితో పైకి చూపించి, నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పింది: "ఆ కప్పు గొడుగన్నమాట. రైలు దిగినవాళ్లకు మా ఊరు పట్టే గొడుగు." చెప్పి, చేతిలో ఉన్న రెండో గొడుగు నాకిచ్చింది.

ఒకాసాన్ అంటే అమ్మ. ఎక్స్ఛేంజ్ కోర్సు ఆరు నెలలూ వాళ్లింట్లోనే ఉండాలి కాబట్టి అలాగే పిలవమన్నారు. ఒతోసాన్ అంటే నాన్న. ఆయన రాత్రి తొమ్మిది దాటాక వచ్చి, తలాడించి, తినేసి, స్నానం చేసి పడుకునేవారు. ఇంట్లో అసలు మనిషి మాత్రం ఆయన తల్లి, ఎనభై మూడేళ్ల ఒబాచాన్, అంటే బామ్మ.

ఆవిడ కోసం మా అమ్మ కాకినాడ కాజాలు ప్యాక్ చేయించి పంపింది. వస్తువేదైనా రెండు చేతులతో ఇవ్వాలని వీడియోల్లో చూసి అద్దం ముందు ప్రాక్టీసు చేసి మరీ వచ్చాను. ఒబాచాన్ డబ్బా అందుకుని, తల వంచి, "అరా, కినొదొకునా" అంది. నా గుండె జారిపోయింది. నేను చదువుకున్న పుస్తకంలో కినొదొకు అంటే 'అయ్యో పాపం' అని ఉంది. ఇంత దూరం మోసుకొచ్చిన కాజాలను చూసి పాపం అంటుందేమిటి? నన్ను చూసి అందా? ఆ రాత్రి తతామీ చాప మీద పరుపు పరుచుకుని చాలాసేపు అదే ఆలోచించాను. మూడోరోజు ఒకాసాన్‌ని అడిగితే పగలబడి నవ్వింది. కనజావా యాసలో అది థాంక్సట. నా వల్ల నీకు ఇంత శ్రమా అన్న మొహమాటంలోంచి వచ్చిన థాంక్స్. మనవాళ్లు "అయ్యో, ఎందుకమ్మా ఇవన్నీ" అంటూనే డబ్బా లోపల పెట్టేసుకోరూ, అదే.

అసలు పరువు పోయింది మాత్రం రెండో రోజు ఉదయం. క్లాసుకు బయల్దేరుతూ, గుమ్మంలో కూర్చుని బూట్లు వేసుకుని, లేచి ఉత్సాహంగా "సయోనారా" అన్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. ఒకాసాన్ తడిచేతులతోనే వచ్చింది, వెనకాల ఒబాచాన్. "ఎక్కడికి వెళ్లిపోతున్నావ్?" అని అడిగింది ఒబాచాన్. నవ్వుతూనే అడిగింది గానీ, ఇద్దరూ గుమ్మం దాకా వచ్చేశారు కదా. ఇంట్లోవాళ్లతో సయోనారా అనరట. అనాల్సింది "ఇత్తే కిమాస్".

ఆ మాట నాకు తెలియక కాదు. అమీర్‌పేటలో ఏడాదిన్నర జపనీస్ నేర్చుకున్నాను, ఇంగ్లిషులో. పుస్తకంలో ఇత్తే కిమాస్‌కి ఎదురుగా 'నేను బయల్దేరుతున్నాను' అనే అర్థమొచ్చే ఇంగ్లిషు వాక్యం ఉంది. పరీక్ష కోసం బట్టీ పట్టాను, మరిచిపోయాను. ఆ రోజు గుమ్మంలో ఒబాచాన్ ఆ మాటను పసిపిల్లకు చెప్పినట్టు రెండు ముక్కలు చేసి చెప్పింది. ఇత్తే. కిమాస్. ఇత్తే అంటే వెళ్లి. కిమాస్ అంటే వస్తాను. వెళ్లొస్తాను! దానికి లోపలున్నవాళ్లు చెప్పే జవాబు "ఇత్తే రాష్షాయ్", అంటే వెళ్లి రా. మా నాయనమ్మ దగ్గర "వెళ్తున్నా" అంటే ఊరుకునేది కాదు. "వెళ్తున్నా కాదే, వెళ్లొస్తా అను" అని వెనక్కి పిలిచి మరీ అనిపించేది. వెనక్కి పిలిచింది కాబట్టి శకునం బాగోలేదని మళ్లీ కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చేది, అది వేరే కథ.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని నోట్‌బుక్ తీశాను. యూనివర్సిటీ ఊరి చివర కొండ మీద. ఎలుగుబంట్లు తిరుగుతాయి జాగ్రత్త అని బోర్డులుండే కొండ. అరగంట పైనే ప్రయాణం. ఏడాదిన్నర పాటు ఇంగ్లిషులోకి తిప్పుకున్న వాక్యాలను ఒక్కొక్కటే తెలుగులోకి తిప్పుకుంటూ పోయాను. 'కినో కత్తా కసా': నిన్న, కొన్న, గొడుగు. ఒక్క ముక్క కూడా అటూ ఇటూ కదపక్కర్లేదు. ఇంగ్లిషులో అయితే దీన్ని తలకిందులు చేసి నేర్చుకున్నాను నేను. వస్తానని చెప్పాడు అనేటప్పుడు మనకుండే 'అని' వాళ్లకు 'తొ'. అదీ సరిగ్గా మనం పెట్టే చోటే పెడతారు. సుసుము ఓనో అనే జపాన్ పండితుడు జపనీస్‌కీ తమిళానికీ చుట్టరికం ఉందని పుస్తకాలే రాశాడు. భాషాశాస్త్రవేత్తల్లో ఎక్కువమంది ఒప్పుకోలేదు. నాకు చుట్టరికంతో పనిలేదు, నోట్లో వాక్యం తయారైతే చాలు.

అలాగని అన్నీ కలవవు. వాళ్ల క్రియకు మనిషి తోక ఉండదు. వెళ్తాను, వెళ్తావు, వెళ్తాడు, అన్నీ ఇకిమాసే. ఓ రోజు ఒకాసాన్ "ఆరింటికి కయెరు నే" అని వెళ్లింది. తిరిగి రావడం అన్నది అర్థమైంది గానీ, ఎవరో అర్థం కాలేదు. నన్నే రమ్మందనుకుని, క్లాస్‌మేట్స్ నూడుల్స్‌కి పిలిస్తే మానేసి, పరుగెత్తుకుంటూ వచ్చాను. తీరా ఆరింటికి వచ్చేది ఆవిడ.

రెండోవారంలో ఒకరోజు పొద్దున్నే ఫెళ్లున ఎండ కాసింది. గొడుగు ఇంట్లో పెట్టేసి పోయాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి జుట్టు నుంచి సాక్సుల దాకా తడిసి ముద్దయ్యాను. ఒబాచాన్ తువ్వాలు ఇస్తూ, "బెంతో వసురేతెమో, కసా వసురేరునా" అంది. ఈ ఊరి సామెతట. బెంతో అంటే అన్నం డబ్బా. వసురేతెమో, మరిచినా. కసా, గొడుగు. వసురేరునా, మరవకు. అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకు. తల తుడుచుకుంటున్నదాన్ని ఆగిపోయాను. నేనేమీ అనువదించలేదు, దానంతటదే తెలుగులో వినిపించింది. ఆ సాయంత్రం ఒబాచాన్ వానల పేర్లు చెప్పింది: సన్నగా నిశ్శబ్దంగా పడితే షితోషితో, చినుకులు రాలితే పరాపరా, కుండపోత అయితే జాజా. నేను చిటపటా, జోరూ, జల్లూ చెప్పాను. చిటపట ఆవిడకు బాగా నచ్చింది. మర్నాడు కిటికీలోంచి చూసి "చితాపతా" అంది. అది ముసురని, చిటపట కాదని చెప్పడానికి నాకు జపనీస్ చాల్లేదు.

తిండి సంగతి. అన్నం బాగుంటుంది గానీ ముద్దగా, ఉత్తినే తినాలి. ఓ గిన్నెలో అన్నం, ఇంకో గిన్నెలో మిసో సూప్, చిన్న చిన్న పళ్లేల్లో చేప, ఊరగాయ, ఏదో ఆకుకూర. కలపడం అనే మాటే లేదు. గోదావరి జిల్లా దాన్ని, నాలుగు రోజులు ఓర్చుకున్నాను. అయిదోరోజు మిసో సూప్ తీసి అన్నంలో ఒంపేశాను, చారు పోసుకున్నట్టు. బల్ల చుట్టూ నిశ్శబ్దం. ఒతోసాన్ మొదటిసారి నా వైపు నిండుగా చూశారు. "నెకో మన్మా" అంది ఒకాసాన్, నవ్వాపుకుంటూ. పిల్లి బువ్వ అని. పిల్లులకు అలా కలిపి పెట్టేవాళ్లట, మనుషులు నలుగురిలో అలా తినకూడదట. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి. తర్వాతి శనివారం మధ్యాహ్నం ఇంట్లో నేనూ ఒబాచానే ఉన్నాం. ఆవిడ గుమ్మం వైపు ఓసారి చూసి, మిసో గిన్నె ఎత్తి తన అన్నంలో పోసుకుంది. నా వైపు గిన్నె జరిపింది. ఇద్దరు పిల్లులం చప్పుడు చేయకుండా తిన్నాం.

ఆ రోజే ఆవిడ నాకు నుకా కుండ చూపించింది. వంటింటి పక్కన చల్లటి మూల, కొయ్య మూత కింద ఎనామిల్ డబ్బా. మూత తీయగానే వాసన: పులిసిన పిండి, తడి చాప, ఎక్కడో కాస్త చేప. లోపల తడిమట్టిలా గోధుమరంగు ముద్ద. ఏమిటా అని వేళ్లతో నలిపి చూస్తే, తవుడు! మా ఊళ్లో గేదెలకు కుడితిలో కలిపే తవుడు. దాన్లో ఉప్పు, నీళ్లు, ఎండుమిరపకాయలు, సముద్రపు నాచు కలిపి పులియబెడతారు. కీరా, వంకాయ, ముల్లంగి రాత్రి దాన్లో పాతిపెట్టి మర్నాడు తీస్తే అదే ఊరగాయ. రోజూ చేత్తో అడుగు దాకా తిప్పాలి. తిప్పకపోతే పైన తెల్లగా బూజులాంటి పొర కట్టి కంపు కొడుతుంది. తవుడు తగ్గితే కొత్తది వేస్తారు గానీ పాతది పారేయరు, పెరుక్కి తోడులాగా. ఇది ఒబాచాన్‌కి అత్తగారి నుంచి వచ్చిందట.

మోచేతి దాకా చొక్కా మడిచి ఆవిడ చెయ్యి దించింది. అడుగునున్నది పైకి, పైనున్నది అడుగుకి, తొందర లేకుండా. తర్వాత అరచేత్తో పైన తట్టి తట్టి చదును చేసి, అంచులకు అంటుకున్నది గుడ్డతో శుభ్రంగా తుడిచింది. మడుల్లో గట్టు మెత్తినట్టు. ఓ వంకాయ బయటికి లాగి, కడిగి, గోరంత ముక్క కోసి నా అరచేతిలో పెట్టి, "తబెతె మిమాష్షి" అంది. తబెతె, తిని. మి, చూడు. మాష్షి ఈ ఊళ్లో పెద్దవాళ్లు నోరారా చెప్పే మాట. తిని చూడమ్మా. రుచిని చూడమంటారు, మనలాగే. పుల్లగా, ఉప్పగా, కరకరలాడుతూ ఉంది. ఆవకాయ కారం లేదు గానీ, నోరు ఊరుకోలేదు. ఆ రోజు నుంచి సాయంత్రం తిప్పడం నా వంతైంది. ఎంత కడిగినా వేళ్లకు వాసన పోదు. క్లాసులో పక్కనున్న వియత్నాం అమ్మాయి రెండు రోజులు చూసి, మూడోరోజు మర్యాదగా ఓ సీటు అవతల కూర్చుంది.

నవంబరు 1న కెన్‌రోకుఎన్ తోటలో చెట్లకు తాళ్లు కట్టడం మొదలుపెట్టారు. ఇక్కడి మంచు నీళ్లోడుతూ బరువుగా ఉంటుందట, కొమ్మలు విరిగిపోకుండా గుంజ పాతి, దాని కొసనుంచి గొడుగు ఊచల్లా తాళ్లు దించి ఒక్కో కొమ్మకూ కడతారు. చూడ్డానికి వెళ్లాను, బాగుంది, చలికి ఎక్కువసేపు నిలబడలేకపోయాను. అయిదింటికే చీకటి. ఇంట్లోనూ చలే. ఒక గదిలో హీటర్, బల్ల కింద వెచ్చగా ఉండే కొతాత్సు, మిగతా ఇల్లంతా ఐసు. టాయిలెట్ సీటు మాత్రం సలసల కాగుతూ ఉంటుంది. ఈ ప్రాధాన్యాలు నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. అమ్మ ఫోన్ చేసి "చలిగా ఉందా" అంటే లేదనేదాన్ని. పెట్టేశాక కొతాత్సు దుప్పట్లో తల దూర్చి ఏడ్చిన రోజులు రెండున్నాయి.

నవంబరు రెండోవారంలో ఓ రాత్రి ఇల్లు అదిరిపోయేలా ఉరిమింది. చలికాలంలో ఉరుములేమిటి! కానీ ఈ తీరంలో ఉరుములు చలికాలానివే. ఏడాదిలో 40 రోజులకు పైగా ఉరిమే ఊరిది. ఈ ఉరుముల్ని బురి ఒకోషి అంటారు. కొవ్వెక్కిన బురి చేపల్ని లేపి తీరానికి తోలుకొచ్చే ఉరుములని. అదేమీ తెలియక నేను కొతాత్సులో ముడుచుకుని "అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి" అంటున్నాను. ఎదురుగా ఒబాచాన్ కూడా ఏదో గొణుగుతోంది: "కువబరా, కువబరా." ఇద్దరం ఒకేసారి ఆగి ఒకరినొకరం చూసుకున్నాం.

కువబరా అంటే మల్బరీ తోట. 901లో సుగవరా నో మిచిజానే అనే మహా పండితుణ్ణి, రాజాస్థానంలో గిట్టనివాళ్లు నేరం మోపి దూరంగా పంపించేశారు. ఆయన అక్కడే 903లో చనిపోయాక రాజధానిలో పిడుగులు పడితే, ఆయన కోపమేనని భయపడి గుడి కట్టారు. ఆయన భూమి కువబరాలో మాత్రం పిడుగు పడలేదట. అందుకని ఇది కూడా ఆ భూమే స్వామీ అని పిడుగును నమ్మించడం. ఈ ఊరిని ఏలిన మయెదా ప్రభువులు ఆయన వంశమేనని చెప్పుకునేవారు, వాళ్ల ముద్ర కూడా ఆయనకిష్టమైన ఉమె, అంటే ప్లమ్ పువ్వే. ఇవన్నీ ఒకాసాన్ డిక్షనరీ పట్టుకుని నాకు చెప్పింది. నేను అర్జునుడి పది పేర్లు చెప్పబోతే ఏడు దగ్గర ఆగిపోయింది. ఫోన్ చేసి అమ్మని అడిగి మిగతా మూడూ చెప్పాను.

ఒబాచాన్‌ను వారానికి రెండు రోజులు వృద్ధుల డే సర్వీస్ వ్యాన్ వచ్చి తీసుకెళుతుంది. అది వచ్చే వేళకి నేనెప్పుడూ బస్సులో ఉంటాను. ఉరుముల రాత్రి గడిచిన మర్నాడు మాకు మొదటి క్లాసు రద్దయింది. ఒకాసాన్ పనికి వెళ్లిపోయింది. వ్యాన్ హారన్ విని ఒబాచాన్ గుమ్మంలో కూర్చుని, బూట్లు వేసుకుని, చేతికర్ర పట్టుకుని లేచి, వెనక్కి తిరిగి "ఇత్తే కిమాస్" అంది. ఇంట్లో నేను తప్ప ఎవరూ లేరు. ఒక్క క్షణం పట్టింది నాకు. "ఇత్తే రాష్షాయ్" అన్నాను. కాస్త గట్టిగానే అన్నట్టున్నాను, వ్యాన్ డ్రైవర్ కూడా తల వంచాడు. ఆవిడ రెండడుగులు వేసి మళ్లీ ఆగింది. "నిన్న నుకా తిప్పలేదు నువ్వు."

నిజమే. ఉరుముల గొడవలో మరిచిపోయాను. చొక్కా మడిచి చెయ్యి దించాను. చల్లగా, వేళ్లు తిమ్మిరెక్కేంత చల్లగా ఉంది తవుడు. అడుగున ఏదో తగిలింది. ఎప్పుడు పెట్టారో, ఒక కీరా. పూర్తిగా ముడుచుకుపోయి, ముదురు రంగుకు తిరిగి, నోట్లో పెడితే ఉప్పు కషాయం. గుమ్మం వైపు ఓసారి చూసి, పొద్దుటి అన్నంలో మిసో పోసుకుని దాన్ని నంజుకున్నాను.