గరగర దాటి గొంతు దాకా: పాత ఒపేరా రికార్డులతో నా అనుభవం

ఒపేరా అంటే పాశ్చాత్యుల సంగీత నాటకం. దాని పాత రికార్డులు వినాలని ఉత్సాహంగా మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది రెండో పాటకే ఆపేస్తారు. అందరూ చెప్పే కారణం ఒకటే, ఆ గరగర. నూనెలో వడియాలు వేగుతున్నట్టు ఒకటే చప్పుడు, దాని వెనక ఎక్కడో ఒక మనిషి పాడుతుంటాడు. నాకూ మొదట్లో అంతే వినిపించింది. కానీ మా ఇంట్లో పద్యనాటకాల గ్రామఫోన్ ప్లేట్లు మోగేవి కాబట్టి, చప్పుడు వెనక గొంతు ఉంటుందనీ, కాస్త ఓపిక పడితే అదే ముందుకొస్తుందనీ ఒక నమ్మకం ఉండేది. నాకు ఇటాలియన్ రాదు, పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నదీ లేదు. అలాంటివాడికి ఈ పాత గొంతుల మీద ఇంత ఇష్టం ఎలా కలిగిందో రాస్తే, ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

నేను చేసిన మొదటి పని, ఒకే పాట పట్టుకుని కూర్చోవడం. వంద మంది గాయకుల వంద పాటలు కాదు. నేను పట్టుకున్నది ఇటలీ స్వరకర్త దోనిజెట్టి 1832లో రాసిన ఒపేరా 'లెలిసీర్ దామోరే'లోని 'ఊనా ఫుర్తీవా లాగ్రిమా'. ఓ అమాయకపు పల్లెటూరి కుర్రాడు, తను ప్రేమించిన పిల్ల కంట్లో దొంగచాటుగా ఒక నీటిచుక్క చూస్తాడు. అయితే నేనంటే ఇష్టమే అన్నమాట అని పొంగిపోతాడు. పాటలో ఉన్నదంతా అదే. అర్థం ముందే తెలుసుకుని వినడం చాలా మేలు, ఎక్కడ గొంతు ఎందుకు తగ్గిందో తెలుస్తుంది.

ఈ పాటని ఇటలీ గాయకుడు ఎన్రికో కరూసో 1902లో, 1904లో, మళ్ళీ 1911లో రికార్డు చేశాడు. మూడూ వరసగా వింటే మనిషి గొంతు మారడం స్పష్టంగా తెలుస్తుంది. 1902లో ఆయనకి 29 ఏళ్ళు. గొంతు తేలిగ్గా ఉంటుంది, దూకుడు ఉంటుంది, పియానో పక్క గదిలో వాయిస్తున్నట్టు సన్నగా వినబడుతుంది. 1911కి వచ్చేసరికి వెనక ఆర్కెస్ట్రా ఉంటుంది, గొంతు చిక్కబడి, కింది స్వరాల్లో బరువెక్కి ఉంటుంది. అదే పాట, అదే మనిషి, కానీ మొదటిదాంట్లో కుర్రాడు సంబరపడుతున్నాడు, చివరిదాంట్లో ఆ సంబరాన్ని లోపలే దాచుకుంటున్నాడు. నాకు 1904 నాటిదంటే ప్రాణం. పియానో ఒక్కటే తోడు, ఎక్కడ ఆగాలో ఎంతసేపు ఆగాలో పూర్తిగా ఆయన ఇష్టం, పాట చివర స్వరాలు అల్లుకుంటూ వచ్చే చోట తొందరన్నదే ఉండదు.

ఆ 1902 రికార్డుల వెనక కథ కూడా నన్ను బాగా పట్టేసింది. ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే అమెరికన్ రికార్డింగ్ నిపుణుడు ఆ ఏప్రిల్‌లో మిలాన్ వెళ్ళాడు. కరూసో పది పాటలకి 100 పౌండ్లు అడిగాడు. అంత ఇవ్వొద్దని గ్రామఫోన్ కంపెనీ లండన్ ఆఫీసు నుంచి కబురొచ్చినా గైస్‌బర్గ్ వినలేదంటారు, తన హోటల్లోనే ఒక గదిలో యంత్రం పెట్టి పాడించేశాడు. అంతకు ముందు ఏడాదే ఒపేరా స్వరకర్త వెర్ది కన్నుమూసింది కూడా ఆ హోటల్లోనే. ఇదే గైస్‌బర్గ్ అదే ఏడాది నవంబర్‌లో కలకత్తాలో హిందుస్తానీ గాయని గౌహర్ జాన్‌ని రికార్డు చేశాడు! మన దేశంలో ప్లేట్ల చరిత్ర అక్కడే మొదలవుతుంది. ఒకే మనిషి, ఒకే ఏడాది, ఒకే రకం రికార్డింగ్ బూరా. ఈ సంగతి తెలిశాక కరూసో నాకు పరాయివాడిలా అనిపించలేదు.

ఆ బూరా గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే అది అర్థమైతే సగం చిరాకు పోతుంది. 1925లో మైకు వచ్చేదాకా రికార్డింగ్‌లో కరెంటు పనేమీ లేదు. గాయకుడు బూరాలోకి పాడతాడు, ఆ గాలి అదురుకి చివర ఉన్న పల్చటి రేకు కదులుతుంది, దానికి తగిలించిన ముల్లు మైనం మీద గీస్తుంది. అంతే. సౌండు పెంచడం తగ్గించడం ఉండదు, పెద్ద స్వరం వస్తుంటే మనిషే వెనక్కి జరగాలి. బాగా కింది స్వరాలూ, పైన ఉండే మెరుపూ ఆ బూరాకి అందవు. 'స' 'ష' లాంటి అక్షరాలు దాదాపు మాయమైపోతాయి. పురుషుల గొంతు, ముఖ్యంగా టెనర్ అనే పైస్థాయి మగగొంతు, ఈ ఇరుకులో కూడా బాగానే నిలబడుతుంది కానీ, ఆడవాళ్ళ పైస్థాయి గొంతు నష్టపోతుంది, లోపల డొల్లగా పిల్లనగ్రోవిలా వినబడుతుంది. అందుకే కొత్తవాళ్ళు పైస్థాయి గాయని నెల్లీ మెల్బాతో కాకుండా కరూసోతో మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. మెల్బా గొప్పదనం తర్వాత తెలుస్తుంది, చెవి అలవాటు పడ్డాక లేనిదాన్ని అదే పూరించుకుంటుంది.

అన్నిటికంటే నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది వేగం. 78 ప్లేట్లని పేరే కానీ, ఆ రోజుల్లో అన్నీ నిమిషానికి 78 చుట్లతో రికార్డు చేసినవి కావు. 70 నుంచి 80 దాటి దాకా ఏదైనా ఉండొచ్చు. 74 దగ్గర చేసినదాన్ని 78లో తిప్పితే శ్రుతి దాదాపు ఒక మెట్టు, అంటే హార్మోనియం మీద తెల్లమెట్టు పక్కనున్న నల్లమెట్టుకి జరిగినంత పెరిగిపోతుంది, పాట కూడా తొందరపడుతుంది. నెట్‌లో దొరికే పాత రికార్డుల్లో ఇలా తప్పు వేగంతో ఎక్కించినవి బోలెడు. ఒకాయన గొంతు మేకలా వణుకుతోందేమిటి, ఇతన్నా అంత గొప్పవాడంటారు అని నాకు విసుగొచ్చిన చోట, తప్పు గాయకుడిది కాదు, ఎక్కించినవాళ్ళది.

దానికి నేను చేసే పని ఇది. ఫైలుని ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, వేగమూ శ్రుతీ కలిసి మారే ఆప్షన్ వాడి, ఫోన్‌లో పియానో యాప్ పక్కన పెట్టుకుని, పాట అసలు ఏ శ్రుతిలో రాశారో దానికి దగ్గరగా తెస్తాను. కానీ ఇక్కడే ఒక మెలిక ఉంది. పెద్ద పెద్ద గాయకులు కూడా తమ గొంతుకి కుదిరేలా శ్రుతి తగ్గించుకుని పాడేవాళ్ళు. నేపుల్స్ టెనర్ ఫెర్నాందో దే లూచియా అలా చాలా పాటలు దించి పాడాడు. రాసిన శ్రుతే ప్రమాణమని పట్టుబడితే ఆయన గొంతు పీలగా, కంగారుగా తయారవుతుంది. కాబట్టి చివరి తీర్పు చెవిదే. మాట మనిషి మాట్లాడినట్టు ఉందా, స్వరం మీద నిలబడ్డప్పుడు ఆ కదలిక సహజంగా ఉందా అని చూసుకుంటూ కొంచెం కొంచెం జరుపుతాను. సరైన చోటు తగిలినప్పుడు మాత్రం ఒంటి మీద వెంట్రుకలు లేస్తాయి, అప్పటిదాకా బొమ్మలా ఉన్న గొంతుకి ఊపిరితిత్తులు వచ్చినట్టవుతుంది.

ఇంత కష్టం అక్కర్లేదనుకుంటే వార్డ్ మార్స్టన్ లాంటివాళ్ళు శుభ్రం చేసి విడుదల చేసినవి వినండి. ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు, కానీ ఆ చెవి చెవే. గరగరని మొత్తం తుడిచేసిన ఫైళ్ళ జోలికి మాత్రం పోవద్దు, చప్పుడుతో పాటు గొంతులో జీవం కూడా పోతుంది. ఇంకోటి, హెడ్‌ఫోన్స్ కంటే గదిలో చిన్న స్పీకర్ పెట్టి తక్కువ సౌండుతో వింటే చెవికి హాయిగా ఉంటుంది. అమెరికాలోని విక్టర్ రికార్డు కంపెనీ పాత రికార్డులు అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళ నేషనల్ జ్యూక్‌బాక్స్‌లో ఉచితంగా ఉన్నాయి.

శ్రుతి కుదిరాక నాకు తెలిసింది ఏమిటంటే, ఆ తరం పాట మన చెవికి దగ్గర. ఇప్పటి గాయకులు కాగితం మీద రాసినదానికి కట్టుబడి పాడతారు. వాళ్ళు అలా కాదు. నచ్చిన స్వరం మీద ఆగిపోతారు, పల్లవి మళ్ళీ వస్తే కొత్త సంగతి వేస్తారు, తాళాన్ని సాగదీసి మళ్ళీ అందుకుంటారు. పద్యం చివర రాగం తీసే నటుణ్ణి విన్నవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. విక్టర్ మోరెల్ అనే ఫ్రెంచి గాయకుడు 1893లో వెర్ది 'ఫాల్‌స్టాఫ్' మొదటి ప్రదర్శనలో ఫాల్‌స్టాఫ్‌గా పాడాడు. ఆ ఒపేరాలోని 'క్వాండేరో పాజ్జో' అనే బుల్లి పాటని 1907లో రికార్డు చేసినప్పుడు గదిలో కొంతమందిని కూర్చోబెట్టారు. పాట అవగానే చప్పట్లు, మళ్ళీ పాడమని కేకలు, ఆయన మళ్ళీ పాడతాడు, మళ్ళీ కేకలు, మూడోసారి ఫ్రెంచిలో పాడతాడు. అచ్చం మన నాటకాల్లో వన్స్‌మోర్! మొదటిసారి విన్నప్పుడు గట్టిగా నవ్వేశాను, సంతోషంతో.

అయితే పాతవన్నీ గొప్పవని నేననను. నీరసంగా పాడినవాళ్ళు అప్పుడూ ఉన్నారు. కొందరు యంత్రం ముందుకొచ్చేసరికే గొంతు అరిగిపోయి ఉంది. పేరుమోసిన గాయని అడెలీనా పాట్టిని 1905లో వేల్స్‌లోని ఆమె కోటకి వెళ్ళి రికార్డు చేసేనాటికి ఆమెకి 62 ఏళ్ళు. ఊపిరి చాలదు, పైస్వరాలు దించుకుంటుంది. ఐనా మాటని స్వరం మీద పెట్టే తీరు చూడండి, అది ఇంకెవరి దగ్గరా నాకు దొరకలేదు. తన గొంతు తానే విని ఆ బూరాకి ముద్దులు పెట్టేసిందని ఆ రోజు పియానో వాయించిన లాండన్ రోనాల్డ్ చెప్పాడు. 1887లో వెర్ది 'ఒతెల్లో' మొదటిసారి ఆడినప్పుడు ఒతెల్లోగా పాడిన ఫ్రాంచెస్కో తమాన్యో కూడా 1903లో రికార్డులిచ్చాడు. ఒతెల్లో చనిపోయే ఘట్టం, 'నియున్ మి తేమా', ఆయన గొంతులో వినకుండా ఉండొద్దు.

ప్రస్తుతం నేను మేపుల్సన్ సిలిండర్ల దగ్గర ఉన్నాను, ఇవి ప్లేట్లు కాదు, గొట్టంలా ఉండే మైనపు రికార్డులు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరాలో లైబ్రేరియన్‌గా చేసిన లయనెల్ మేపుల్సన్, 1900ల మొదట్లో ఎడిసన్ ఫోనోగ్రాఫ్ పెట్టి, అసలు ప్రదర్శన జరుగుతుండగానే ముక్కలు ముక్కలుగా పట్టినవి. వీటి ముందు కరూసో ప్లేట్లు అద్దంలా ఉంటాయి. ఆ రోజుల్లో అందరికంటే గొప్ప టెనర్ అనిపించుకున్న ఝాన్ దె రెస్కే రికార్డేదీ బజారులోకి రాలేదు, ఆయన గొంతు వినాలంటే ఈ సిలిండర్లే గతి. 1901లో 'ఆఫ్రికేన్' ఒపేరాలో ఆయన పాడిన ముక్క ఇప్పటికి నాకు అక్కడొకటి ఇక్కడొకటి స్వరాలుగానే అందుతోంది. ఒక్క చోట మాత్రం గొంతు పైకి లేవడం, హాలంతా నిండడం తెలుస్తోంది. మిగతాది కూడా వినబడేదాకా ఆ ముక్కే వింటాను, ఆ తర్వాతే ఇంకోటి.