మావయ్య కొట్లో వారం రోజులు

మొన్న ఫిబ్రవరిలో సత్తెనపల్లి వైపు మా ఊరెళ్లి మావయ్య కిరాణా కొట్లో వారం రోజులు కూర్చున్నాను. మిరప కోతల సమయం. కూలి డబ్బులు చేతికొచ్చిన సాయంత్రం కొట్టు ముందు నిలబడే చోటు లేదు. ముందు రోజు పావుకిలో కందిపప్పు, రూపాయి షాంపూ ప్యాకెట్టు అడిగిన ఆవిడే ఆ రోజు లీటరు నూనె, కిలో పప్పు, పిల్లలకి బిస్కెట్లు తీసుకుని, పాత బాకీలో మూడొందలు కట్టి వెళ్లింది. ఆవిడ ముఖంలో ఆ నిశ్చింత ఇంకా కళ్లముందే ఉంది.

"మిర్చి యార్డులో రేటు పడిపోయిందిరా, ఇటు చూడు" అంటూ మావయ్య ఖాతా పుస్తకం తిప్పాడు. కొట్టేయని బాకీలే ఎక్కువ. ఉప్పూ పప్పూ జనం ఎలాగైనా కొంటారట. ప్యాకెట్టు సైజు తగ్గిందా, సబ్బు మార్చి చవకది అడుగుతున్నారా, అక్కడే ఊరి పరిస్థితి తెలిసిపోతుందంటాడు.

కేంద్ర గణాంక శాఖ ఇంటి ఖర్చుల సర్వేలో వెతికేదీ ఇదే. 2022-23లో ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మనిషికి నెలకి సగటు ఖర్చు 4,870 రూపాయలు, పట్టణాల్లో 6,782. దేశవ్యాప్తంగా చూస్తే పల్లె ఖర్చులో దాదాపు 46 శాతం తిండికే. అవసరమైన లెక్కే, కాదనను. కానీ కోతల వారానికీ, పని దొరకని వారానికీ మధ్య ఆ ఇంట్లో ఎంత తేడా ఉంటుందో ఏడాది సగటులో కనపడదు. నన్ను పట్టి పీడిస్తున్నది ఆ తేడానే.

జులైలో, విత్తనాలకి అప్పులు చేసే రోజుల్లో, మళ్లీ వెళ్లి అదే పుస్తకం చూడాలి.