డూ ది నీడ్‌ఫుల్ అంటే ఎవరు, ఏం చేయాలి?

బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు మీద మారతహళ్లి నుంచి బెళ్లందూరు దాకా ఏ ఆఫీసులో ఏ అంతస్తు ఎక్కినా మనవాళ్లు తగులుతారు. క్యాంటీన్‌లో తెలుగు, స్టాండప్‌లో, అంటే టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్‌లో, మామూలు ఇంగ్లీషు, మెయిల్ తెరిస్తే మాత్రం తాలూకాఫీసు ఇంగ్లీషు. "రెస్పెక్టెడ్ సర్, కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్ అండ్ రివర్ట్ బ్యాక్ ఎట్ ది ఎర్లియెస్ట్." అంటే అవసరమైనది చేసి, వీలైనంత త్వరగా జవాబివ్వండి అని. దీంట్లో గ్రామర్ తప్పులు వెతకడం దండగ. అసలు చిక్కేమిటంటే, చదివినవాడికి తనేం చేయాలో తెలియదు.

అంత బరువైన మాటలు మనకెందుకు కావాల్సి వస్తున్నాయి? తెలుగులో మర్యాద క్రియకే అతుక్కుని ఉంటుంది: చెప్పండి, చూస్తారా, పంపగలరు. ఇంగ్లీషులో 'సెండ్' వైస్ ప్రెసిడెంటుకూ అదే, ఇంటర్న్‌కూ అదే. ఆ 'అండి' లేని వెలితి పూడ్చడానికి కైండ్లీ, హంబ్లీ, ఎస్టీమ్డ్ తెచ్చి తగిలిస్తాం. నిజానికి ఇంగ్లీషులో ఆ పని చేసేవి కుడ్, వుడ్ లాంటి చిన్న మాటలు. "సెండ్ మీ ది లాగ్స్" అంటే ఆజ్ఞ. ముందు ప్లీజ్ పెడితే మర్యాదగా ఇచ్చిన ఆజ్ఞ. "కుడ్ యూ సెండ్ మీ ది లాగ్స్?" అంటేనే అడిగినట్టు. రోజూ మాట్లాడుకునే టీమ్‌లో ప్లీజ్ చాలు. క్లయింటుకూ పై మేనేజర్లకూ కుడ్ వాడండి. కైండ్లీ మనకు వినయంగా తోస్తుంది కానీ, అమెరికాలో కొందరి చెవికి అది కసిరినట్టే ఉంటుంది.

పెద్ద మాట వాడితే హుందాగా ఉంటుందన్న నమ్మకం ఇంగ్లీషువాళ్లకే ఉంది, మనం కొత్తగా కనిపెట్టింది కాదు. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక దర్బారులోకి, కోర్టుల్లోకి ఫ్రెంచి వచ్చింది. సామాన్యుల మాట పాత ఇంగ్లీషుగానే ఉండిపోయింది. అందుకే ఈనాటికీ పాత ఇంగ్లీషు మాట స్టార్ట్ ఇంటి మాటలా, ఫ్రెంచి నుంచి వచ్చిన కమెన్స్ కచేరీ మాటలా వినిపిస్తాయి. అయితే ఆ దేశాల్లోనే గాలి మారి చాలాకాలమైంది. ప్రభుత్వ పత్రాలు జనానికి అర్థమయ్యేలా రాయాలని అమెరికా 2010లో ఏకంగా చట్టమే చేసింది. కాబట్టి యుటిలైజ్ బదులు యూజ్, ఎసర్టెయిన్ బదులు ఫైండ్ అవుట్ రాస్తే మిమ్మల్ని ఎవరూ తక్కువగా చూడరు.

డూ ది నీడ్‌ఫుల్ కూడా ఇంగ్లండు నుంచి వచ్చిందే. అక్కడ వాడుక దాదాపు పోయింది, ఇక్కడ నిలిచిపోయింది. సర్కారు ఆఫీసుకు పెట్టే అర్జీలో ఇప్పటికీ చెల్లుతుంది, ఎందుకంటే చేయాల్సిన పనేదో అక్కడ ఇద్దరికీ ముందే తెలుసు. టికెట్‌లోనో (సిస్టమ్‌లో పెట్టే పని అభ్యర్థన), క్లయింటు మెయిల్‌లోనో చెల్లదు. దాని బదులు నాలుగు ముక్కలు రాయండి: ఎవరు, ఏం చేయాలి, దేని మీద, ఎప్పటికల్లా. "అనిత, కుడ్ యూ అప్రూవ్ ది డేటాబేస్ యాక్సెస్ రిక్వెస్ట్ బై 4 పీఎం ఇండియా టైమ్, థర్స్‌డే 12 మార్చ్?" అంతే. పేరు ఒక్కటే ఉండాలి. ఇద్దరి పేర్లు పెడితే ఇద్దరూ రెండోవాళ్లు చూసుకుంటారులే అనుకుంటారు.

టైమ్ రాసేటప్పుడు ఈఓడీ (ఎండ్ ఆఫ్ డే, రోజు ముగిసేలోగా) వాడొద్దు. ఎవరి రోజు ముగింపు? కాలిఫోర్నియాలో గురువారం సాయంత్రం 6 అంటే, అక్కడ వేసవి టైమ్ నడుస్తుంటే మనకు శుక్రవారం పొద్దున 6:30, చలికాలంలో 7:30. ఆ మార్పు మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం జరుగుతుంది. ఐఎస్‌టీ అనే మూడక్షరాలు ఐర్లండు, ఇజ్రాయెల్ టైమ్‌లకు కూడా ఉన్నాయి, అందుకే పైన ఇండియా టైమ్ అని రాశాను. తేదీ 05/06 అని రాస్తే మనకు జూన్ 5, అమెరికావాళ్లకు మే 6. నెల పేరు అక్షరాల్లో రాస్తే పోతుంది. లక్ష, కోటి ఇక్కడికే పరిమితం: 10 లక్షలు ఒక మిలియన్, కోటి పది మిలియన్లు.

సాఫ్ట్‌వేర్ వాళ్లకు అన్నిటికంటే ప్రమాదకరమైన మాట రివర్ట్. మన దగ్గర దానికి జవాబివ్వడం అని అర్థం. అమెరికా, ఇంగ్లండుల్లో చాలామందికి పాత స్థితికి వెళ్లడం. కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్ అనే టూల్‌లో రివర్ట్ కమాండ్ చేసేదీ అదే, పాత మార్పును రద్దు చేస్తూ కొత్త కమిట్ (నమోదైన మార్పు) వేస్తుంది. రాత్రి రిలీజ్ నడుస్తుండగా "ప్లీజ్ రివర్ట్ ఆన్ ది పేమెంట్ చేంజ్" అని పంపితే, అటువైపు ఇంజనీరు నిజంగానే ఆ మార్పును వెనక్కి తీసేయవచ్చు. ఆయన తప్పేమీ లేదు. రిప్లై కావాలంటే రిప్లై అనే రాయండి. డౌట్ కూడా ఇలాంటిదే. "ఐ హ్యావ్ ఎ డౌట్ ఇన్ యువర్ డిజైన్" అంటే మీ డిజైన్ మీద నమ్మకం లేదని అర్థం చేసుకుంటారు. క్వెశ్చన్ అనండి. ప్రిపోన్ (అనుకున్న టైమ్ కంటే ముందుకు జరపడం) చక్కటి మాట, నాకు ఇష్టమే, కానీ బయట అందరికీ తెలియదు. మూవ్ ఫార్వర్డ్ అంటే ముందుకా వెనక్కా అని ఇంగ్లీషువాళ్లే కొట్టుకుంటారు కనక, పాత టైమ్, కొత్త టైమ్ రెండూ రాసేయడం మేలు. టేబుల్ చేద్దాం అంటే లండన్‌లో ఇప్పుడు చర్చకు పెడదామని, న్యూయార్క్‌లో పక్కన పెడదామని. దాన్ని అసలు ముట్టుకోకండి.

కాల్స్‌లో ఎక్కువ తికమక అవునూ కాదుల దగ్గర వస్తుంది. "హ్యాజంట్ ఇట్ బీన్ డిప్లాయ్డ్ యెట్?" అని క్లయింటు అడిగితే, మనం తెలుగు లెక్కన "యెస్" అంటాం, అవును, ఇంకా కాలేదు అనే ఉద్దేశంతో. ఆయనకు మాత్రం పని అయిపోయిందని వినబడుతుంది. అలాగే "వుడ్ యూ మైండ్ జాయినింగ్ ఎట్ 9?" అంటే మీకేమైనా అభ్యంతరమా అని, ఒప్పుకునేవాళ్లు "నో" అనాలి. రెంటికీ మందు ఒకటే: ఒంటి యెస్, ఒంటి నో ఎప్పుడూ చెప్పొద్దు. "నాట్ యెట్, ఇట్ గోస్ అవుట్ ఎట్ 6", "షూర్, ఐ విల్ జాయిన్ ఎట్ 9" అని వాక్యం పూర్తి చేయండి.

పిలుపుల్లో సర్ బెంగళూరులో పర్వాలేదు, అమెరికన్ క్లయింటుకు హాయ్ తర్వాత మొదటి పేరు చాలు. డియర్ సర్ అని మొదలెట్టిన బ్రిటిష్ ఉత్తరం యువర్స్ ఫెయిత్‌ఫుల్లీతో, పేరుతో మొదలెట్టింది యువర్స్ సిన్సియర్లీతో ముగుస్తుంది. అసలు ఇబ్బంది మన పేర్లతోనే. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు వల్ల అవతలివాళ్లు ఇంటిపేరుతో పిలుస్తారు. అది కాదంటే "హాయ్ వెంకట", టీమ్‌లో ముగ్గురు వెంకటలు ఉన్నా సరే. సంతకంలో, చాట్ ప్రొఫైల్‌లో పిలవాల్సిన పేరు ఒక్కటే ముందుంచండి.

సర్వర్ పడిపోయినప్పుడు "సారీ ఫర్ ది ఇన్‌కన్వీనియెన్స్ కాజ్డ్" అని మొదలెట్టే మెయిల్ ఎవరికీ ఉపయోగపడదు. ముందు ఎవరికి, ఎప్పటి నుంచి, ఏది పనిచేయడం లేదో రాయాలి. తర్వాత ఇప్పటి పరిస్థితి, ఆపైన తర్వాతి కబురు ఎన్ని గంటలకో. కారణం రూఢి అయ్యేదాకా "సమ్ ఇష్యూ" అని కూడా ఊహించి రాయొద్దు. క్షమాపణలో రిగ్రెట్ అంటే జరిగినందుకు బాధ పడుతున్నామని, అపాలజైజ్ అంటే తప్పు మాదని. రెండోది రాసే ముందు మేనేజర్‌ని, కాంట్రాక్టు ఉంటే లీగల్ వాళ్లని అడగండి.

కచ్చితమైన మాటలు తప్పనిసరయ్యే చోట్లూ ఉన్నాయి. స్పెసిఫికేషన్లు, అంటే ఏది ఎలా పనిచేయాలో చెప్పే పత్రాలు, రాసేవాళ్లకు 1997 నాటి ఆర్ఎఫ్‌సీ 2119 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఉంది. అందులో మస్ట్, షల్ అంటే తప్పించుకోలేనిది. షుడ్ అంటే సరైన కారణం ఉండి, పర్యవసానం తెలిస్తే వదలొచ్చు. మే అంటే మీ ఇష్టం. పెద్దక్షరాల్లో రాసినప్పుడే ఈ అర్థాలని 2017లో ఆర్ఎఫ్‌సీ 8174 తేల్చింది. మర్యాద కోసం మస్ట్‌ని షుడ్‌గా మార్చారా, టెస్టింగ్ దాకా వచ్చాక ఆ ఫీచర్ ఎవరూ కట్టలేదని తెలుస్తుంది.

రాజీనామా అన్నిటికంటే చిన్నది. ఫలానా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నానని ఒక వాక్యం, నోటీస్ పీరియడ్ ఎన్ని రోజులో, ఆఖరి పనిదినం ఏ తేదీనో ఇంకో వాక్యం, థాంక్స్. కారణం రాయక్కర్లేదు, ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్ అసలే వద్దు. మన రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం మానేటప్పుడు కంపెనీ ఇచ్చే పత్రం) విదేశీ హెచ్ఆర్‌లలో చాలామందికి తెలియదు. వాళ్లకు పంపేటప్పుడు హోదా, చేరిన తేదీ, మానేసిన తేదీ ఉన్న ఎంప్లాయ్‌మెంట్ వెరిఫికేషన్ లెటర్ అని చెప్పండి, కంపెనీ లాగిన్ ఆగిపోకముందే దాని కాపీ తీసుకోండి.