తీర్పు దేవునికి అప్పగించడం అంటే

అన్యాయం జరిగిందని ఏడుస్తూ వచ్చిన మనిషికి మన సంఘాల్లో చాలా తొందరగా చెప్పేసే మాట ఒకటుంది: "దేవుని చిత్తం అమ్మా, సహించు." భర్త చేతిలో దెబ్బలు తింటున్న చెల్లికీ అదే మాట, క్రైస్తవులని తెలిశాక ఇల్లు ఖాళీ చేయమన్న కుటుంబానికీ అదే మాట. తోడుగా యేసు శ్రమల గురించి పేతురు పత్రికలో ఉన్న ఒక వచనం చదివి, ప్రార్థన చేసి పంపించేస్తారు. ఆ వచనాన్ని అలా వాడుతుంటే నాకు బాధగా ఉంటుంది.

"ఆయన దూషింపబడియు బదులు దూషింపలేదు, ఆయన శ్రమపెట్టబడియు బెదిరింపక, న్యాయముగా తీర్పు తీర్చు దేవునికి తన్ను తాను అప్పగించుకొనెను" (1 పేతురు 2:23).

ఈ మాట రాసింది, గెత్సేమనే తోటలో యేసును పట్టుకోవడానికి వచ్చినప్పుడు కత్తి దూసి, ప్రధానయాజకుని దాసుడు మల్కు చెవి నరికిన పేతురే. ప్రభువుకు అన్యాయం జరుగుతుంటే అతనికి మొదట తోచింది కత్తే. ఆ రాత్రే ప్రధానయాజకుని ముంగిట చలికాచుకుంటూ నిలబడి, ఆయనెవరో తెలియదని బొంకాడు. యోహాను 18వ అధ్యాయాన్ని వరుసగా చదవండి. పేతురు మొదటి బొంకుకూ రెండో బొంకుకూ మధ్యలోనే ఒక బంట్రౌతు యేసును చేత్తో కొడతాడు. ముందు కత్తితో ఎదిరించి, తర్వాత భయంతో తప్పించుకున్న మనిషే, తన ప్రభువు ఈ రెండూ చేయలేదని ఈ వచనంలో సాక్ష్యమిస్తున్నాడు.

ఆ బంట్రౌతు కొట్టినప్పుడు యేసు మౌనంగా ఊరుకోలేదు. "నేను కాని మాట ఆడినయెడల ఆ కాని మాట ఏదో చెప్పుము; మంచి మాట ఆడినయెడల నన్నేల కొట్టుచున్నావు" అని అడిగాడు. తిరిగి కొట్టలేదు, శపించలేదు. కానీ ఆ దెబ్బ న్యాయమైనదే అన్నట్టు తల వంచుకోనూ లేదు.

పౌలు కూడా అంతే. ఫిలిప్పీ పట్టణంలో అతన్నీ, తోటి సేవకుడు సీలనూ విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి, కాళ్లకు బొండ వేసి లోపలి చెరసాలలో పడేశారు. మధ్యరాత్రి పౌలు, సీలలు పాడిన కీర్తనల గురించి మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. తెల్లారాక జరిగింది మాత్రం అంతగా వినం. గుట్టుగా వెళ్లిపొమ్మని అధికారులు కబురు పంపితే, రోమా పౌరులమైన మమ్మల్ని బహిరంగంగా కొట్టించి ఇప్పుడు రహస్యంగా పంపిస్తారా, మేము ఒప్పము, వాళ్లే వచ్చి తీసుకెళ్లాలి అన్నాడు పౌలు. అధికారులు భయపడి, స్వయంగా వచ్చి బతిమాలుకున్నారు. రాత్రి దేవుణ్ణి స్తుతించిన నోరే పొద్దున తన హక్కు అడిగింది. ఆ రెంటికీ పొత్తు కుదరదని మనకెవరు నేర్పారో!

పేతురు ఆ అధ్యాయంలో మాట్లాడుతున్నది ముక్కోపులైన యజమానుల కింద పనిచేసే దాసులతో. ఫిర్యాదు చేస్తే వినే చోటు వాళ్లకు దాదాపు లేదు. మనకు పోలీస్ స్టేషన్ ఉంది, కోర్టు ఉంది, 2005లో వచ్చిన గృహహింస చట్టం ఉంది. దెబ్బలు తింటున్న చెల్లి వాటి గడప ఎక్కితే అది అవిశ్వాసం కాదు.

మరి దేవునికి అప్పగించాల్సింది ఏమిటి? పగ. "పగతీర్చుట నా పని" అని ప్రభువు చెప్పాడని రోమా 12:19 అంటుంది. మనకు అన్యాయం చేసినవాళ్లు ఎప్పుడు పడిపోతారా అని రాత్రుళ్లు నిద్ర మానుకుని ఆలోచించడం, వాళ్ల వాట్సాప్ స్టేటస్‌లో కష్టం కనిపిస్తే లోలోపల తృప్తిపడడం... వదిలిపెట్టాల్సింది ఇది. ఇదే కష్టం. కేసు పెట్టడానికి ఒక్క రోజు ధైర్యం చాలేమో గానీ, ఇది రోజూ మోకాళ్ల మీద మళ్లీ మళ్లీ అప్పగించాల్సిందే. అప్పగించేటప్పుడు ఏడుపొస్తే ఏడవండి. "యెహోవా, ఎన్నాళ్లవరకు?" అని అడిగిన 13వ కీర్తన కూడా ప్రార్థనే.

1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, కుష్ఠురోగుల మధ్య పనిచేస్తున్న ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్ గారినీ, ఆయన కొడుకులు ఫిలిప్, తిమోతీలనూ జీపులో నిద్రిస్తుండగా తగలబెట్టారు. ఆయన భార్య గ్లాడిస్ గారు హంతకులను క్షమించానన్నారు. కేసు తన దారిన నడిచింది. ప్రధాన నిందితుడికి కింది కోర్టులో ఉరి, హైకోర్టులో యావజ్జీవం, చివరికి 2011లో సుప్రీంకోర్టు యావజ్జీవాన్నే ఖరారు చేసింది. ఆమె క్షమించినంత మాత్రాన చట్టం ఆగిపోలేదు, చట్టం నడిచినంత మాత్రాన ఆమె క్షమాపణ అబద్ధమూ కాలేదు. ఆ తీర్పుల కోసం ఆమె తన జీవితాన్ని ఆపుకోలేదు. కూతురు ఎస్తేరుతో బారిపదాలోనే ఉండి, 2004 వరకు కుష్ఠురోగుల మధ్య భర్త చేసిన పనినే కొనసాగించారు.